గోడ మీది చెయ్యి

మా బాపుకు దేవుడి మీద నమ్మకం అంతంతమాత్రమే గానీ, గోడ మీద మాత్రం గట్టి నమ్మకం ఉండేది. బొగ్గు గనిని మా బెల్లంపల్లి వైపు బాయి అంటారు. బాయి దిగే ప్రతి కొత్త మనిషికీ ఆయన చెప్పే మాట ఒక్కటే. దీపం ఆరిపోతే గాబరా పడకు, చేతికందిన గోడను పట్టుకో, ఆ చెయ్యి తియ్యకుండా నడువు, ఎటు నడిచినా చివరికి బయటికే వస్తావు. ఈ మాట మా లైను క్వార్టర్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, మగవాళ్లు డ్యూటీకి బయల్దేరుతుంటే ఆడవాళ్లు జాగ్రత్త అనడానికి బదులు "గోడ పైలం" అనేవాళ్లు. పెళ్లై వేరే ఊళ్ల నుంచి వచ్చిన కోడళ్లకు ఆ మాట మొదట అర్థమయ్యేది కాదు. నెల తిరిగేలోపు వాళ్లూ అనడం మొదలుపెట్టేవాళ్లు.

ఆ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. నిజాం కాలంలో, బాపు పడుచువాడుగా ఉన్నప్పుడు, ఆయన దిగిన మొదటి బాయిలో ఒకసారి పైకప్పు కూలి, ఆ గాలి దెబ్బకు దీపాలన్నీ ఆరిపోయాయట. పక్కనున్న ఇద్దరినీ తన వెనక ఒకరి నడుం ఒకరు పట్టుకోమని, తాను గోడ మీద చెయ్యి వేసి నడిచాడట. మూసుకుపోయిన ప్రతి దారి కొసదాకా పోవడం, అక్కడ గోడ వెంటే మళ్లడం, తిరిగి రావడం. వచ్చిన చోటికే వస్తున్నామని వెనకవాళ్లు ఏడుస్తున్నా వినకుండా అలా పోగా పోగా వెలుతురు కనిపించింది. ఆ ఇద్దరిలో ఒకాయన బతికినన్నాళ్లూ దసరాకు మా ఇంటికి జమ్మి తెచ్చి, బాపు చేతిలో కాదు, మా ఇంటి గోడ మీద పెట్టి మొక్కేవాడు. మేం నవ్వేవాళ్లం. బాపు నవ్వేవాడు కాదు.

నేను ఆ ఇంట్లో పెద్ద కూతుర్ని. హైదరాబాద్ స్టేట్ బడిలో త్రిభుజాన్ని ముసల్లస్ అని నేర్చుకుని, ఆంధ్రప్రదేశ్ వచ్చాక అదే త్రిభుజాన్ని పిల్లలకు తెలుగులో చెప్పిన తరం నాది. కరీంనగర్‌లో ట్రైనింగు అయ్యి మా ఊరి ఆడపిల్లల బడికే లెక్కల టీచరుగా వచ్చాను. బాపుకు అప్పటికే బొగ్గు దుమ్ముతో ఛాతీ పాడై, నాలుగడుగులు వేస్తే దమ్ము వచ్చేది. ఆయన్ని పనిలోంచి తీసేసి, ఆ పని మా తమ్ముడికి ఇచ్చారు.

తమ్ముడు మొదటిసారి దిగే ముందు బాపు వాడి కళ్లకు రుమాలు కట్టి, గదిలో గిరగిరా తిప్పి వదిలేశాడు. వాడు గోడ పట్టుకుని తడుముకుంటూ, అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి మీద పెట్టిన గిన్నె తన్ని, దండెం మీది బట్టలు నెత్తిన వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. రుమాలు విప్పుతూ బాపు ఇంకో మాట చెప్పాడు. "మల్ల అదే జాగకు వచ్చినట్టు అనిపిస్తది. ఫికర్ చెయ్యకు. గోడ మీది చెయ్యి తియ్యకు." తమ్ముడు నవ్వుతూ తల ఊపాడు. వాడు బాపు మాట కాదనే రకం కాదు. అందుకు నేను వాడిని ఎంత ఎగతాళి చేశానో లెక్కలేదు.

వాడు పనిచేసిన మూల ఎలా ఉండేదో ఇక్కడే చెప్పాలి. బాయి నోటి నుంచి వచ్చే దారి మొదటి కూడలి దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి పోయి రెండో కూడలిని, ఇంకొకటి పోయి మూడో కూడలిని చేరుతుంది. బాపు పనిచేసిన రోజుల్లో ఆ రెండు కూడళ్లకూ మధ్య సంబంధం లేదు. ఆయన పని మానాక, లోపల గాలి ఆడాలని ఆ రెండింటినీ కలుపుతూ ఒక అడ్డదారి తవ్వారు. దాంతో మూడు దారుల నడుమ ఒక పెద్ద బొగ్గు దిమ్మె మిగిలింది. దాన్ని పిల్లరు అంటారు. పైనున్న నేలను మోసేది అదే. రెండో కూడలి దగ్గర ఇంకో కురచ దారి ఉంది, కొస మూసుకుపోయినది. తమ్ముడూ వాడి జోడీ బొగ్గు కొట్టేది అందులోనే. జోడీ అంటే మా పక్కింటి అబ్బాయి, తమ్ముడి ఈడువాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు.

ఆ రోజు షిఫ్టు అయ్యాక జోడీ ముందు పైకి వచ్చేశాడు. పనిముట్లు సర్ది వస్తానని తమ్ముడు వెనక ఆగాడు. వాడి దీపం ఆరిపోయింది. రెండో షిఫ్టువాళ్లు ఆ మూలకు పోరు. దీపాల గదిలో వాడి దీపం తిరిగి రాలేదని చూశారు గానీ, వేరే మూలన రెండో షిఫ్టు కూడా చేస్తున్నాడనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం, అది మామూలే. మర్నాడు బాయికి సెలవు, లోపలికి గాలి కొట్టే మర ఆపేశారు, దోస్తుల ఊరికి పోయి ఉంటాడని మేమూ వెతకలేదు. సెలవు తర్వాత దిగినవాళ్లకు తమ్ముడు మూడో కూడలి పక్కన, పిల్లరుకు వీపు ఆనించి కూర్చుని కనిపించాడు. గాలి కోసమే తవ్విన అడ్డదారి అక్కడే ఉంది. గాలి మాత్రం చాల్లేదు.

విచారణ జరిగింది. విచారణంటే ముగ్గురు ఆఫీసర్లు బల్ల చుట్టూ కూర్చుని చాయ్ తాగడం. వాళ్లు తేల్చింది ఇది. మనిషి దొరికిన చోటు నుంచి మొదటి కూడలికి ఒక్క దారి నడిస్తే చాలు, అక్కణ్ణుంచి నేరుగా బాయి నోరు. ఆ మాత్రం రాలేకపోయాడంటే భయంతో మతి తప్పి అటూ ఇటూ పరుగెత్తి ఉంటాడు, కాబట్టి తప్పు అతనిదే. ఆ మాటను ఒక గుమాస్తా వచ్చి మా వాకిట్లో చదివి వినిపించాడు. సాయంత్రానికల్లా లైనంతా అదే మాట. భయపడి ఉరికిండట, గోడ ఇడిచిపెట్టిండట.

చావు కంటే ఆ మాట బాపును ఎక్కువ కొట్టింది. ఆయన ఏడవలేదు. ఆ మూల తనకు బాగా తెలుసన్నాడు. అక్కడ చెయ్యి గోడ మీద ఉంటే బయటికి రాకపోవడమనేది ఉండదన్నాడు. ఎవరో అడ్డదారి సంగతి ఎత్తితే, తవ్వితే తవ్విరి, గోడ గోడేనన్నాడు. పిట్టకు పెట్టే రోజున, చనిపోయినవాడికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి పిట్ట ముట్టేదాకా ఎదురుచూస్తాం కదా, ఆ విస్తరి పట్టుకుని అవ్వ పిలిస్తే ఆయన మంచం మీంచి లేవలేదు.

"నా మాట ఇననోనికి నేను బువ్వ పెట్ట," అన్నాడు.

ఆ క్షణాన మా బాపు మీద నాకు అసహ్యం వేసింది. ఇన్నేళ్లకూ ఆ మాట రాయడానికి నాకు మొహమాటం లేదు. అవ్వ ఒక్కతే విస్తరి పెట్టి వచ్చింది. వచ్చి నన్ను వంటింట్లోకి పిలిచి, తమ్ముడికి నీళ్లు పోసేటప్పుడు వాడి ఎడమచెయ్యి చూశావా అని అడిగింది. నేను ముఖం తప్ప ఏమీ చూడలేదు. వేళ్ల కొసల మీద తోలు లేదని, లోపలి ఎర్రటి కండ కనిపించిందని, కుడిచెయ్యి మామూలుగా ఉందని అవ్వ చెప్పింది. ఉరికేవాడి చెయ్యి అలా ఎందుకవుతుందని అడిగింది. చదువుకున్నదాన్ని కదా, చెప్పమంది.

బడి నుంచి తెచ్చుకున్న సుద్దముక్కతో వంటింటి బండ మీద గీయడం మొదలుపెట్టాను. పక్కింటి అబ్బాయిని పిలిపించి ఏ కూడలి నుంచి ఏ కూడలికి దారి ఉందో చెప్పమన్నాను. వాడు చెప్పాడు. బాయి నోటి నుంచి మొదటిదానికి. మొదటిదాని నుంచి రెండోదానికి, మూడోదానికి. రెండోదాని నుంచి మూడోదానికి అడ్డదారి. రెండోదాని దగ్గర మా కురచ దారి. అంతే. గీస్తే ఒక ముసల్లసు, పైన ఒక తోక, ఇంకో మూల దగ్గర ఇంకో చిన్న తోక.

ఆ చిన్న తోక దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది. దాన్ని త్రిభుజం బయటికి గీయొచ్చు, లోపలికీ గీయొచ్చు. ఎలా గీసినా వాడు చెప్పినదానిలో ఒక్క ముక్క తప్పు కాదు. రెండూ గీశాను. తమ్ముడు నిలబడ్డ చోట సుద్ద పెట్టి, గోడ వదలకుండా వేలితో నడిచి చూశాను. కురచ దారి బయటివైపు ఉన్న బొమ్మలో, దాని రెండు గోడలూ బయటి గోడలోనే భాగం. ఏ చెయ్యి వేసినా ఆ గోడ తిరిగి తిరిగి బాయి నోటికే తెస్తుంది. లోపలివైపు ఉన్న బొమ్మలో, కురచ దారి పిల్లరులోకి తొలిచిన దారి. దాని రెండు గోడలూ పిల్లరువే. అక్కడ ఏ చెయ్యి వేసినా పిల్లరు చుట్టూ తిరగడమే. మొదటి కూడలి దగ్గర బాయి నోటి దారి ఎదురుగోడ వైపు తెరుచుకుని ఉంటుంది, చెయ్యి మాత్రం ఇటు గోడ మీద ఉంటుంది. పక్కనుంచే దాటిపోతాడు, ప్రతిసారీ.

చాలా ఏళ్ల తర్వాత ఒక లెక్కల పుస్తకంలో ఈ విషయం చదివాను. గీతలు ఒకదాన్నొకటి దాటకుండా కాగితం మీద ఒక బొమ్మ గీస్తే, ఆ గీతలు కాగితాన్ని కొన్ని తావులుగా కోస్తాయి. వాటిని ముఖాలంటారు. ఏ చుక్కకు ఏ చుక్క కలుస్తుందో చెప్పినంత మాత్రాన ఆ ముఖాలేవో తేలవు, ఎలా పరిచి గీశామో దాన్ని బట్టే తేలతాయి. నా రెండు బొమ్మల్లోనూ ముఖాలు రెండే, పిల్లరు ఒకటి, దారుల బయట మిగిలిన నేలంతా ఒకటి. సంఖ్య మారలేదు. కురచ దారి ఏ ముఖానికి అంచు అన్నదే మారింది. పుస్తకంలో అది ఎంతో ప్రశాంతంగా రాసి ఉంది.  నేను దాన్ని క్లాసులో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు నాకు పుస్తకం లేదు. మొదటి బొమ్మ నిజమైతే బాపు అన్నదే నిజం, తమ్ముడు గోడ వదిలేశాడు. రెండోది నిజమైతే వాడు వదల్లేదు. ఏది నిజమో తేలాలంటే ఏం అడగాలో కాసేపు తోచలేదు. ఆఖరికి పక్కింటి అబ్బాయిని వాకిట్లో నిలబెట్టాను. నువ్వు రెండో కూడలిలో ఉన్నావు, మొదటి కూడలి దారికి ముఖం పెట్టు, ఇప్పుడు ఉన్నచోటే కుడివైపుకు మెల్లగా తిరుగు, ముందు ఏ దారి వస్తుందో చెప్పు అన్నాను. వాడు కళ్లు మూసుకున్నాడు. చేతులు ముందుకు చాచి తిరిగాడు. ముందు తమ కురచ దారి వస్తుందన్నాడు, ఆ తర్వాత అడ్డదారి. ఇంకోసారి తిరగమన్నాను. అదే చెప్పాడు. మిగతా రెండు కూడళ్ల దగ్గరా అలాగే తిప్పి అడిగాను. ఒక్కో కూడలి దగ్గర దారులు ఏ వరసలో వస్తాయో తెలిశాక ఇక బొమ్మకు ఇష్టమొచ్చినట్టు ఉండే వీల్లేదు. కురచ దారి రెండు దారుల నడుమ, పిల్లరులోకి పోయింది.

చెప్పడం అయ్యాక కూడా వాడు కదల్లేదు. శవాన్ని మోసుకొచ్చినవాళ్లలో వాడూ ఉన్నాడు. బొగ్గు దుమ్ముకు నిప్పు అంటుకోకుండా బాయి గోడలకు తెల్లటి రాతిపొడి చల్లుతారు. పిల్లరు చుట్టూ ఛాతీ ఎత్తున ఆ తెలుపు మీద నల్లటి చార ఉందట. కురచ దారిలోకి పోయి, కొస తిరిగి వచ్చి, మూడు దారుల పొడుగునా, ఎక్కడా తెగకుండా.

"ఒక్కసారి రాసినట్టు లేదక్కా. మస్తు మాట్ల రాసినట్టు అరిగింది," అన్నాడు.

ఈ సంగతి ఆఫీసర్లకు ఎందుకు చెప్పలేదని నేను అరిచాను. వాళ్లు అడగలేదన్నాడు. అడగనిది చెబితే పని ఉంటుందా అన్నాడు. వాడిని కొట్టాలనిపించింది. వాడి భార్య గుమ్మంలో చంటిపిల్లను ఎత్తుకుని నిలబడి నావైపే చూస్తోంది. 

తమ్ముడు బాపు మాట జవదాటలేదు. ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. వాడు ఆ మాట విన్నందుకే చచ్చాడు. ఒక్కసారి చెయ్యి తీసి, అడ్డంగా నడిచి ఎదురుగోడ పట్టుకుని ఉంటే బతికేవాడు. తిరిగిన చోటికే తిరిగి వచ్చి, తన పనిముట్లు తన కాళ్లకే తగిలినప్పుడు కూడా, అలాగే అనిపిస్తుందని బాపు ముందే చెప్పాడు కదా అనుకుని ఉంటాడు. బాపు మొదటి బాయిలో ఆ మాట నిజమే. అక్కడి దారులన్నీ కొమ్మల్లా చీలి కొసలు మూసుకుపోయినవి, ఒకదానితో ఒకటి మళ్లీ కలిసేవి కావు. అలాంటి చోట ఉండేది ఒక్కటే గోడ, అది ఎటు పోయినా నోటికే వస్తుంది. అడ్డదారి తవ్వి రెండు కొమ్మల్ని కలిపిన రోజు గోడలు రెండయ్యాయి. ఆ ముక్క బాపుకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అది ఎవరికీ తట్టలేదు.

అవ్వకు అంతా చెప్పాను. బాపుకు చెబితే ఈ దెబ్బకు మనిషి మిగలడన్నాను. చెప్పకపోతే కొడుకును తిట్టుకుంటూ పోతాడన్నాను. అవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

"పోరడు మాట ఇన్నడని తండ్రికి తెల్వాలె. అటెన్క ఏమన్న గానీ," అంది.

బాపును మంచం దింపి బండ మీద కూర్చోబెట్టాను. ముందు అడ్డదారి లేకుండా ఆ మూలను గీసి, తమ్ముడి చోటు నుంచి గోడ వెంట వేలితో నడవమన్నాను. ఆయన విసుక్కుంటూనే నడిచాడు. వేలు కురచ దారి దాటి, కూడలి దాటి, రెండో కొమ్మ కొసదాకా పోయి, తిరిగి బాయి నోటి దగ్గర తేలింది. చూసినవా అన్నట్టు నా ముఖంలోకి చూశాడు. అప్పుడు నేను అడ్డదారి గీశాను. మళ్లీ నడవమన్నాను.

ఆయన వేలు పిల్లరు చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి వచ్చింది. ఆగలేదు, ఇంకోసారి పోయింది.  మొదటి కూడలి దగ్గరికి వచ్చినప్పుడల్లా వేలు కొంచెం నెమ్మదించేది, పక్కనే ఉన్న దారి వైపు జరగబోయేది, మళ్లీ గోడ వెంటే పోయేది. సుద్ద చెరిగిపోయేదాకా తిప్పాడు. అవ్వ వచ్చి తమ్ముడి వేళ్ల సంగతి చెప్పింది. జోడీ చూసిన చార గురించి నేను చెప్పాను. బాపు ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. ఒకే ఒక్క మాట అడిగాడు.

"గీ మాట ఎంతమందికి చెప్పిన బిడ్డా నేను?"

 మా లైనులో ఆయన చెప్పని మనిషి లేడు.

మర్నాడు మొదటి షిఫ్టు వేళకు ఆయన మంచం మీద లేడు. అవ్వా నేనూ వెతుక్కుంటూ పోతే బాయి గేటు దగ్గర కనిపించాడు. ఒక చెయ్యి కంచె మీద వేసి, దమ్ముకు వంగిపోయి, లోపలికి పోయే ఒక్కొక్క మనిషినీ ఆపుతున్నాడు. లైనంతా ఎదురుగా ఉంది. ఆ గుమాస్తా కూడా ఉన్నాడు.

"నా కొడుకు గోడ ఇడువలే. నా మాట ఇన్నడు, గందుకే సచ్చిండు. మీరు ఇనకుండ్రి," అంటున్నాడు.

వచ్చిన ప్రతి మనిషితోనూ అదే. మొదటి మాట అనేటప్పుడు తల ఎత్తేవాడు, రెండో మాట అనేటప్పుడు దించేవాడు. కొందరు తప్పించుకుని పోయారు. ముసలాయనకు మతి పోయిందని కొందరు జాలిపడ్డారు. బాపు చేతనే కళ్లకు రుమాలు కట్టించుకుని పని మొదలుపెట్టిన ఒకతను మాత్రం ఆగాడు. మరి దీపం ఆరిపోతే ఏం చెయ్యాలి కాకా అని అడిగాడు. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాడు. ఆయన బతుకంతా అందరికీ ఇచ్చిన జవాబు అదొక్కటే, ఇప్పుడది లేదు. బాపు కంచె మీది చెయ్యి తీసి అతని భుజం మీద వేశాడు.

"ఉన్నకాడనే కూసో," అన్నాడు.

"కూసుంటే ఎవలస్తరు కాకా?"

"నేనస్త."

బాపును గేటు దాటనివ్వరు. దాటనిచ్చినా ఆయన పది మెట్లు దిగలేడు. అది అతనికీ తెలుసు. అయినా సరే కాకా అని లోపలికి పోయాడు. నేను బడికి పోయి, నాలుగు క్లాసులు చెప్పి తిరిగి వచ్చేసరికి షిఫ్టు వదిలే వేళయింది. బాపు గేటు దగ్గరే ఉన్నాడు. అవ్వ తెచ్చిన బువ్వ పక్కన మూత తియ్యకుండా ఉంది. పైకి వచ్చేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూస్తున్నాడు. పొద్దున అడిగినతను ఇంకా రాలేదన్నాడు.